ఇందాక పిలిచిన పేరు

తాళాలాయన ఫోను చేత్తో పట్టుకుని రోడ్డు దాటి వస్తుంటేనే కాజాలక్కకి ఏదో కీడు తోచింది. మామూలుగా అతను తన బల్ల వదిలి రాడు. బేరం ఉన్నా లేకపోయినా తాళంచెవుల గుత్తుల మధ్య కూర్చుని, ఆకురాయితో ఏదో ఒక ఇనపముక్కని గీకుతూ, అక్కణ్ణించే "అక్కా, టీ చెప్పనా?" అని కేకేస్తాడు. ఇవాళ టీ లేదు, కేకా లేదు. అటూ ఇటూ చూడకుండా నడిచొచ్చేస్తున్నాడు. స్కూటరువాడెవడో నానా మాటలూ అన్నా వెనక్కి తిరగలేదు.

ఆమె టైలరు కొట్లో కూర్చుని, తెల్ల చొక్కా ఒళ్ళో వేసుకుని బొత్తాం కాజా కుడుతోంది. దారానికి మైనం రాసి, బ్లేడుతో చీల్చిన అంచుని బొటనవేలి గోటితో నొక్కిపట్టి, సూది కిందనించి పైకి తీసి, ముడి సరిగ్గా అంచుమీద కూర్చునేలా లాగాలి. గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుంటుంది, వదులుగా లాగితే నాలుగు ఉతుకులకే నోరు తెరుస్తుంది. ఊరంతా మిషను కాజాలకి మారిపోయినా ఈ టైలరు మాస్టారిది మొండిపట్టు. "మిషను కాజా వేసిన కోటు నా కొట్లోంచి బయటికి పోయిందంటే నా పేరు మార్చుకుంటా" అంటాడు. ఆయన పేరేమిటో ఎవరికీ తెలీదు కాబట్టి మార్చుకున్నా కనిపెట్టేవాళ్ళు లేరు.

"చూశావా అక్కా వీళ్ళ నిర్వాకం?" అంటూ తాళాలాయన ఫోను ఆమె మొహం దగ్గర పెట్టాడు.

ఫోటోలో ఒక బూడిదరంగు రాయి. రాయి మీద పేర్లు. ఒక పేరు చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు. ఆ పేరు చదవడానికి కాజాలక్కకి కళ్ళజోడు అక్కర్లేదు.

"కాలవగట్టు మీది మన రాయేగా" అన్నాడతను. "ఆ పరాయి దేశంవాళ్ళు ఇచ్చింది. చచ్చిపోయినవాళ్ళ మధ్య చంపినవాడి పేరు! ఇంటిపేరుతో సహా! మొన్న టీవీలో చూపించారే, వాడిదే. మా తమ్ముడి పేరుకి రెండు వరసల పైన! ఇన్నేళ్ళబట్టీ మా తమ్ముడికి దణ్ణం పెట్టినప్పుడల్లా వాడిక్కూడా పెట్టినట్టేగా నేను!"

మాస్టారు కత్తెర ఆపి తొంగిచూశాడు. "అదెలా కుదురుద్దయ్యా? రాయి చెక్కేనాటికి బాంబు పెట్టిందెవడో ఎవరికి తెలుసు? వాణ్ణి పట్టుకుంది మొన్నేగా."

"అదే కదా నాటకం! తనూ చచ్చిపోయినట్టు తన పేరు తనే ఎక్కించుకున్నాడంట. ఫోన్లనిండా అదే. పాపం వాళ్ళకి మన పేర్లేం తెలుస్తాయి, ఎవడేది చెప్తే అది చెక్కించి పంపారు."

సూది వేల్లో దిగింది. తెల్ల చొక్కామీద చిన్న ఎర్ర చుక్క. "అయ్యో, చొక్కా!" అని మాస్టారు గోలపెట్టేలోపే కాజాలక్క దారంముక్క నోట్లో వేసుకుని నమిలి, ఆ తడితో మరక మీద అద్దింది. ఎవరి నెత్తురు మరక వాళ్ళ ఎంగిలితోనే పోతుందని దర్జీవాళ్ళ నమ్మకం. పోయింది కూడా.

"మీ ఆయన పేరు కూడా ఆ రాయిమీదే ఎక్కడో ఉంటుందిగదా" అన్నాడు తాళాలాయన. "నీకు మండట్లేదూ?"

"మండుతోంది" అంది ఆమె తల ఎత్తకుండా.

ఆ బస్టాండు బాంబులో అతని తమ్ముడు పోయాడు, ఈమె భర్త పోయాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ వీధికి వచ్చిన కొత్తల్లో ఒకరికొకరు చెప్పుకుని ఏడ్చారు కూడా. కానీ పేర్లు చెప్పుకోలేదు. దాచిపెట్టి కాదు, అవసరం పడలేదంతే. "మీ ఆయన" అంటే సరిపోయింది, "మీ తమ్ముడు" అంటే సరిపోయింది. ఏళ్ళ తరబడి ఆ రెండు మాటలతోనే గడిచిపోయింది. అలా గడిచిపోయినందుకు కాజాలక్క ఇవాళ లోలోపల దణ్ణాలు పెట్టుకుంది.

టీవీలో చూపించినవాడి పేరు, ఇంటిపేరుతో సహా, ఆమె భర్త పేరే.

కూతురు ఇంటికి వచ్చేసరికి కాజాలక్క తలుపులూ కిటికీలూ మూసి, ఉక్కలో కూర్చుని ఉంది. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. చేతులకి ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. ఇవాళ ఆ పొడైనా కడుక్కోకుండా వచ్చింది.

"చూశావామ్మా?"

"చూశాను. నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదేంటి! ఎంతమంది ఏమేం రాస్తున్నారో చూడు. నాన్నని పట్టుకుని! నేనిప్పుడే రాస్తాను, ఆయన మా నాన్న, బస్సు డ్రైవరు, డ్యూటీ ఎక్కబోతూ పోయాడు అని."

కాజాలక్క ఒక్క ఉదుటున లేచి ఫోను లాక్కుంది. కూతురు చిన్నప్పుడు కత్తెర పట్టుకుంటే కూడా అంత గట్టిగా లాక్కోలేదు. "నీకేమన్నా పిచ్చా? మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేశాడు. నిన్న వాళ్ళింటి మీద రాళ్ళేశారంట. గుమ్మం మీద ఇంటిపేరు రాసుందని, ఆ ఒక్క పాపానికి! పిన్నికి నుదురు చిట్లింది. రాయిమీదున్నది మా అన్న పేరండీ, ఆ బాంబులోనే పోయాడండీ అని ఈయన మొత్తుకుంటూనే ఉన్నాడంట. విన్నవాడెవడు? బోర్డు పీకేసి, కొట్టు మూసేసి, పిల్లల్ని తీసుకుని ఎటో పోయారు."

కూతురు కుర్చీలో కూలబడింది.

"చెప్తే నమ్ముతారమ్మా."

"నమ్ముతారు. కాదన్లేదు. నమ్మేలోపు ఏం చేస్తారనేదే నా భయం."

"అయితే నాన్నని వదిలేద్దామా?"

"నాన్న ఎలాగూ లేరు. నువ్వున్నావు" అంది కాజాలక్క. అన్నాక ఆ మాట తనకే కటువుగా వినపడింది. కూతురు మొహం తిప్పుకుంది. ఇద్దరూ కంచాల ముందు కూర్చున్నారు గానీ ఒక్కళ్ళకీ ముద్ద దిగలేదు. వీధిలో ఎవరి అడుగుల చప్పుడో వినపడి ఇద్దరి చేతులూ కంచంలో ఆగిపోయాయి. ఎవరో కుక్కని అదిలించుకుంటూ వెళ్ళిపోయారు. అంతే, అదీ భయమే.

మర్నాడు పొద్దున పనికి వెళ్ళేముందు కాజాలక్క కాలవగట్టుకి వెళ్ళింది. వెళ్ళకూడదని రాత్రంతా అనుకుంటూనే ఉంది. కాళ్ళు మాట వినలేదు.

ఆ రాయి ఊళ్ళో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు కూడా గోదాముల వెనక, బస్సు పోని చోట ఉన్నదాని కోసం పనిగట్టుకుని రారు. నిలువెత్తు రాళ్ళు రెండు, వాటి నడుమ ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులోంచి చూస్తే అవతల కాలవ నీళ్ళు. ఆ దేశపు పాటగాళ్ళ బృందం ఒకటి ఎక్కడికో పోతూ, బస్సు మారడానికి ఇక్కడ దిగి, బాంబుకి బలైపోయింది. వాళ్ళ దేశం తలుచుకుంటే తమవాళ్ళ పేర్లు మాత్రమే చెక్కించుకోవచ్చు. అడిగేవాళ్ళెవరు? అలా చెయ్యలేదు. పోయినవాళ్ళందర్నీ కలిపేసి, పైన మన అక్షరాల్లో, కింద వాళ్ళ అక్షరాల్లో, ఎవరు ఎవరివాళ్ళో విడదీయకుండా చెక్కించి ఓడలో పంపింది. మనవాళ్ళు దండలేసి, ఉపన్యాసాలిచ్చి, ఇంత పెద్దది ఎక్కడ పెట్టాలో తోచక తీసుకొచ్చి గోదాముల వెనక పెట్టారు. కాజాలక్క మాత్రం ఏటా వస్తుంది. వచ్చి ఏమీ చెయ్యదు. చీరకొంగుతో ఆ పేరు మీది దుమ్ము తుడిచి వెళ్ళిపోతుంది.

ఇవాళ దగ్గరికి వెళ్ళకముందే కనపడింది. పేరులో మొదటి అక్షరం లేదు. దాని చోట అడ్డదిడ్డంగా సన్నటి తెల్ల గీతలు. ఇంకెవరన్నా అయితే మేకుతో గీకారనుకునేవాళ్ళు. ఇనుము మీద అలాంటి గీతలు ఆమె ఏళ్ళబట్టి రోడ్డుకి అవతల బల్లమీద చూస్తోంది.

"నిన్న పొద్దుగూకేవేళ ఎవడో గీకాడమ్మా" అన్నాడు వెనకనించి కాపలా ముసలాయన. కొత్తగా చేరినట్టున్నాడు, ఎప్పుడూ చూడలేదు. "నేనిలా టీకి వెళ్ళానో లేదో అలా చేసుకుపోయాడు. నా ఉద్యోగానికి వచ్చింది చావు. శుక్రవారం ఆ దేశంనించి పెద్దావిడెవరో వస్తోందంట. కొడుకు ఇందులోనే పోయాడంట ఆవిడకి. ఆఫీసర్లు నిన్నట్నించీ తల పట్టుకున్నారు. ఆ పేరు తీసేద్దామంటే, వాళ్ళనడక్కుండా రాయిమీద చెయ్యి వెయ్యకూడదని ఒప్పందమంట. అందుకని దానికి అడ్డంగా పూలకుండీలు పెడతారంట. బుర్రంటే బుర్ర!"

అని తనలో తనే నవ్వుకుని, "మీవాళ్ళెవరన్నా ఉన్నారామ్మా ఇందులో?" అని అడిగాడు.

మామూలు ప్రశ్న. మర్యాదకి అడిగిన ప్రశ్న. కాజాలక్కకి ముచ్చెమటలు పోశాయి. చెయ్యి దానంతటదే లేచి, అందిన చోట ఒక పేరు చూపించింది.

ముసలాయన వంగి చూశాడు. "ఇది వాళ్ళ దేశపు అమ్మాయిదిగా?"

"ఇది కాదు... దీని కింద... ఆ చివర్లో" అంటూ వేలు జార్చి, ఇంకేదో పేరు మీద ఆపి, "దూరపు చుట్టం" అంది. వెనక్కి తిరిగి గబగబా నడిచింది. మొగుడికి మూడడుగుల దూరంలో నిలబడి, ఇంకెవర్నో చూపించి వీళ్ళు మావాళ్ళు అన్నాను కదా అని దారి పొడుగునా తనని తను తిట్టుకుంది. ఇవాళ కొంగుతో తుడవనైనా లేదు.

బుధవారమంతా తాళాలాయన బల్ల దగ్గర నలుగురు మూగే ఉన్నారు. సూదిలో దారం ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆమె తల ఎత్తి చూడటం, అతనూ ఇటే చూస్తూ ఉండటం. అతనికి తెలిసిపోయిందేమో. ఆ చూపు మామూలు చూపేనేమో. మాస్టారు రెండుసార్లు కోప్పడ్డాడు, బొత్తాం ఎదురుగా కాకుండా అరంగుళం కిందికి కాజా కోసిందని.

గురువారం సాయంత్రం దీపాలు పెట్టేవేళ వీధిలోంచి తాళాలాయన కేక వినిపించింది. "అక్కా! ఉన్నావా? గడియ తెచ్చా!"

కాజాలక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళలో అతను వీధిలోనించే పలకరించి పోయాడు గానీ గుమ్మంలోకి వచ్చింది లేదు. గోడమీద ఫోటో ఉంది. డిపోవాళ్ళు సన్మానం చేసినప్పుడు తీయించిన ఫోటో, కింద తాటికాయంత అక్షరాలతో పేరు. స్టూలు ఎక్కే వ్యవధి లేదు. మునివేళ్ళ మీద లేచి లాగేసింది. మేకు ఊగింది గానీ ఊడలేదు. ఫోటో మంచం మీద పరుపు కిందికి తోసి, "కూర్చో, దానిమీద కూర్చో!" అని కూతురికి సైగ చేసి, తలుపు తీసింది.

అతని చేతిలో ఇనప గడియ, చిల్లులు వేసే బరమా, స్క్రూల పొట్లం. "రోజులు బాలేవక్కా. వాడి మనుషులు ఇంకా ఊళ్ళోనే తిరుగుతున్నారంట. మీరిద్దరూ ఆడవాళ్ళు. ఈ తలుపు చూస్తే నాకు భయమేస్తుంది, తుమ్మితే ఊడిపోయేట్టుంది" అంటూ గుమ్మంలోనే మఠం వేసుకుని కూర్చున్నాడు. పెన్సిలుతో గుర్తులు పెట్టి బరమా తిప్పడం మొదలుపెట్టాడు. చెక్కపొడి రాలుతోంది. మంచి పనివాడు. స్క్రూ బిగించే ముందు దానికి సబ్బు రాస్తాడు, చెక్క చీలకుండా.

తల ఎత్తి గోడవైపు చూశాడు. గోడమీద నలుచదరంగా తెల్లటి మచ్చ, దానిపైన మేకు.

"అక్కడేదో ఉండాలిగా?"

"ఫోటో" అంది కాజాలక్క. "అద్దం పగిలింది. ఫ్రేము కట్టేవాడికిచ్చాను."

"మీ ఆయనదా? అయ్యయ్యో! నాతో చెప్తే అద్దం నేనే వేసి ఇద్దును గదా. ఏ కొట్లో ఇచ్చావు? రేపు నేను తెస్తా."

"వద్దులే. వాడే తెచ్చిస్తానన్నాడు."

పరుపుమీద కూతురు కదిలింది. ఆ పిల్ల ఏదో అనబోతోందని కాజాలక్కకి తెలిసిపోయింది. వద్దు వద్దని కళ్ళతోనే బతిమాలింది. కూతురు వినిపించుకోలేదు.

"మావయ్యా, ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదా?"

బరమా ఆగింది. కాజాలక్క ఊపిరి కూడా.

"ఉండొచ్చమ్మా. ఎందుకుండకూడదు?" అన్నాడతను తీరిగ్గా. "నేనూ అదే అనుకున్నా మొదట్లో. కానీ అలాంటి మనిషి నిజంగా ఉంటే, వాళ్ళవాళ్ళు ఈపాటికి వచ్చి చెప్పరూ? ఊరంతా ఇంత గోలవుతుంటే ఒక్కళ్ళు నోరు విప్పారా? తప్పు లేనివాళ్ళు దాక్కోవాల్సిన పనేంటి, నువ్వే చెప్పు."

కూతురు తల్లివైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక కాజాలక్క చీపురు తీసుకుని చెక్కపొడి ఊడవడం మొదలుపెట్టింది.

"మొన్న ఆకురాయితో మొదలెట్టింది నేనే" అన్నాడతను, గొంతు తగ్గించి, కొంచెం గర్వంగానే. "ఆకురాయికి లొంగే రాయి కాదది. రేపు సభకి ఉలి తీసుకొస్తా. తమ్ముడి పేరు పిలిచినప్పుడు ఎలాగూ రాయి దగ్గరికి పంపుతారుగా. అందరూ చూస్తుండగా, ఆ దేశపావిడ ముందే, లేపేస్తా ఆ పేరుని. పోలీసులు పట్టుకుపోతే పోనీ. తమ్ముడికి నేను చేసింది ఏముందక్కా? ఆ రోజు వాణ్ణి బస్సెక్కమని తొందరపెట్టింది నేనే. అది ఎప్పటికీ పోదు. ఇదన్నా చెయ్యనీ."

కళ్ళు తుడుచుకుని గడియ వేసి చూశాడు, తీసి చూశాడు, భుజంతో తలుపుని గట్టిగా మోదాడు. "ఇంక ఎవడొచ్చినా లోపలికి రాలేడు. నిశ్చింతగా పడుకోండి" అన్నాడు. అతను వెళ్ళాక కాజాలక్క ఆ గడియ వేసుకుని, దానికే వీపు ఆనించి కూర్చుండిపోయింది.

శుక్రవారం కూతురు నల్ల చీర కట్టుకుని సభకి సిద్ధమైపోయింది. వద్దంటే ఆగేట్టు లేదు. "నోరు విప్పనని ఒట్టేస్తేనే" అంది కాజాలక్క. "ఒట్టు" అంది కూతురు, పళ్ళ మధ్యనించి.

తాళాలాయన వీధి మలుపులో కలిశాడు. తెల్ల చొక్కా, ఆమె కుట్టిన కాజాలే. చేతిలో గుడ్డసంచీ, పైన పూలు. "ఈ సంచీ కాస్త పట్టుకో అక్కా. గేటు దగ్గర మగవాళ్ళని బాగా తడుముతున్నారంట, ఆడవాళ్ళ జోలికి పోవట్లేదంట" అని చేతికిచ్చేశాడు. సంచీ అందుకోగానే చెయ్యి కిందికి లాగింది. పూలు అంత బరువుండవు. ఎందుకులే అనో, నావల్ల కాదనో అంటే "ఏం?" అని అడుగుతాడు. భుజానికి తగిలించుకుంది. కాలవ పక్కనే నడక. ఒక్క విసురు విసిరితే నీళ్ళలో పడుతుంది. అతను పక్కనే నడుస్తున్నాడు, తమ్ముడి చిన్నప్పటి అల్లరి చెప్పుకుంటూ.

గేటు దగ్గర పోలీసు అతని జేబులు తడిమి, "నీ సంచీలో ఏంటమ్మా?" అన్నాడు.

"పూలు" అంది. ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలీలేదు. "సరే, పో" అన్నాడు పోలీసు.

కుర్చీలు సగం ఖాళీ. అయినా మునుపెన్నడూ ఇంతమంది రాలేదు. వెనకవరసలో కొందరు కుర్రకారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు. కాజాలక్క మధ్యలో కూర్చుంది. కుడివైపు కూతురు, ఎడమవైపు తాళాలాయన. సంచీ ఒళ్ళో.

ఆ దేశపు పెద్దావిడ పొట్టిగా, సన్నగా, ఊతకర్రతో ఉంది. మైకు దగ్గరికి రమ్మని ఆఫీసరు చేతులు చాపితే ఆవిడ తిన్నగా రాయి దగ్గరికి పోయింది. కుండీలు చూసి దుబాసీతో ఏదో అంది.

"ఇవి మేం పంపలేదే అంటున్నారు" అన్నాడు దుబాసీ.

"అలంకారమండీ, అలంకారం" అని ఆఫీసరు నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. ఊతకర్ర పక్కన పెట్టి, తనే వంగి కుండీని పక్కకి నెట్టింది. ఇద్దరు పరిగెత్తుకొచ్చి సాయం పట్టక తప్పలేదు. గీకిన పేరు బయటపడింది. వెనకనించి గుసగుసలు లేచాయి. ఆవిడ ఆ తెల్ల గీతల మీద వేళ్ళు పెట్టి చూసి, ఏమిటన్నట్టు తిరిగింది. "వానలండీ. ఇక్కడ వానలు జాస్తి" అన్నాడు ఆఫీసరు. ఇంకోరోజైతే కాజాలక్కకి నవ్వొచ్చేది.

పద్ధతి దుబాసీ చెప్పాడు. పెద్దావిడ ఒక్కొక్క పేరే చదివి, బుట్టలోంచి ఒక పువ్వు తీసి పట్టుకుంటుంది. ఆ మనిషి తాలూకువాళ్ళు వెళ్ళి అందుకుని రాయి మొదట్లో పెట్టాలి. ఎవరూ రాకపోతే ఆవిడే పెడుతుంది.

చదవడం మొదలైంది. వాళ్ళ పేర్లు ఆవిడ నోట చక్కగా పలికాయి. మన పేర్లకి వచ్చేసరికి వత్తులన్నీ ఊడిపోయాయి, దీర్ఘాలు లేనిచోట సాగాయి, ఉన్నచోట మాయమయ్యాయి. మూడో వరసలో ఒక ముసలాయన తన కూతురి పేరు రెండుసార్లు పిలిచాక గానీ పోల్చుకోలేకపోయాడు. పేరు పేరుకీ కాజాలక్క చేతులు సంచీ మీద బిగుసుకుపోతున్నాయి. వస్తోంది. ఇంకా రాలేదు. ఇదా? కాదు.

అప్పుడు పిలిచిందావిడ. మొదటి అక్షరం మెత్తబడిపోయి, నడుమ అక్షరం గుటకలో పోయి, చివర మాత్రం సాగి, ఏ పేరూ కాని పేరులా వచ్చింది. కానీ కాజాలక్కకి తెలిసింది. కూతురికీ తెలిసింది. కుర్చీలోంచి సగం లేచింది. కాజాలక్క కూతురి మణికట్టు దొరకబుచ్చుకుని కిందికి లాగింది. గోళ్ళు దిగాయి.

వెనక కుర్రకారు కదల్లేదు. ఎవరూ కదల్లేదు. పెద్దావిడ పువ్వు పట్టుకుని ఎదురుచూస్తోంది. 'నువ్వే పెట్టెయ్ తల్లీ, తొందరగా పెట్టెయ్' అనుకుంది కాజాలక్క.

ఎడమవైపు కుర్చీ కిర్రుమంది. తాళాలాయన లేచి నిలబడ్డాడు.

"తమ్ముడే అక్కా" అన్నాడు. "తమ్ముణ్ణే పిలిచింది. సంచీ ఇయ్యి."

తన భర్త పేరూ, రాయిమీద దానికి రెండు వరసల కింద ఏటా ఆమె కంటపడే అతని తమ్ముడి పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, ఒకేలా ముగుస్తాయి. ఆ నోట్లో పడి రెంటికీ తేడా లేకుండాపోయింది. అతని చెయ్యి సంచీ కోసం చాపి ఉంది. కాజాలక్కకి ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"పువ్వు ఆవిడ దగ్గరుంది" అంది. "ముందెళ్ళి పువ్వు పెట్టిరా. అది తర్వాత."

అతను తలాడించి వెళ్ళాడు. పువ్వు అందుకున్నాడు. రాయి మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని పువ్వు పెట్టి, నుదురు రాయికి ఆనించాడు. వీపు ఎగిరెగిరి పడింది. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దావిడ వంగి అతని తల నిమిరింది. ఇన్నేళ్ళలో కాజాలక్క భర్త కోసం పరాయివాళ్ళెవరూ అలా ఏడవలేదు. చూస్తూ చూస్తూ కాజాలక్కకి కళ్ళు నిండిపోయాయి, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఒకరి ఏడుపు దొంగిలించాను కదా అనుకుంది. కూతురు కొయ్యబారిపోయి చూస్తోంది.

అతను తిరిగొచ్చి, ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకో పేరు పిలిచారు, అది వాళ్ళ దేశపు మనిషిది. ఆ తర్వాత పెద్దావిడ మరో పేరు పిలిచింది. ఈసారి మాట కాస్త తిన్నగా వచ్చింది.

తాళాలాయన కనుబొమలు ముడిచాడు. "ఇదేంటి? మళ్ళీ పిలుస్తోందేంటి?" అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేవలేదు. పెద్దావిడ పువ్వు పట్టుకుని నిలబడింది. "అక్కా, ఇది తమ్ముడి పేరులా లేదూ?"

ఊరుకుంటే ఆవిడే పెట్టేస్తుంది. ఊరుకుంటే అతని తమ్ముడికి ఎవరూ లేనట్టవుతుంది. కాజాలక్క అతనివైపు తిరిగింది.

"మీ తమ్ముడి పేరే. ఇప్పుడు పిలిచింది మీ తమ్ముణ్ణి. వెళ్ళు."

"మరి ఇందాక?"

"మా ఆయన్ని."

అతను అర్థంకానట్టు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రాయివైపు చూశాడు. తను పెట్టిన పువ్వు, ఆ పైన తను గీకిన గీతలు. మళ్ళీ ఆమెవైపు తిరిగేసరికి ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు. అతని చెయ్యి వచ్చి సంచీ మీద పడింది. అయిపోయింది అనుకుంది కాజాలక్క. కూతురికి అడ్డంగా జరిగింది.

"చెప్పలేదేం?" అన్నాడు.

"భయమేసింది."

"నేనంటేనా?"

అతను సంచీని ఆమె ఒళ్ళోంచి తీసుకున్నాడు. పూలు పక్కకి తోసి లోపలికి చూశాడు. ఎంతసేపు చూశాడో! పెద్దావిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. పువ్వు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది. ఆఫీసరు దగ్గి, ఇక కానిమ్మన్నట్టు సైగ చేశాడు.

"వెళ్ళవయ్యా" అంది కాజాలక్క. "పాపం మీ తమ్ముడు ఎదురుచూస్తున్నాడు."

"నాది నేను పెట్టేశా" అన్నాడతను, తల ఎత్తకుండా. "ఇది నువ్వు పెట్టిరా అక్కా."

ఆమె లేచింది. సంచీ అతని ఒళ్ళో ఉంది, కూతురు అతని పక్కన ఒక ఖాళీ కుర్చీ అవతల ఉంది, వెనక కుర్రకారు అంతా చూస్తున్నారు. అయినా నడిచింది. పువ్వు అందుకుని, ఎన్నడూ చూడని ఆ కుర్రాడి పేరు వెతికి, దానికింద పెట్టింది. వెనకనించి ఏ క్షణాన ఏ చప్పుడు వస్తుందోనని చెవులు రిక్కించుకునే ఉంది. ఏమీ రాలేదు. పెద్దావిడ తర్వాతి పేరు చదవడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేసరికి సంచీ కుర్చీ కింద ఉంది. తాళాలాయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వంగి కూర్చుని, కూతురిని అడుగుతున్నాడు.

"మీ నాన్నగారు ఎలా ఉండేవారమ్మా?"

కూతురు తల్లివైపు చూసింది.

"మా నాన్న పేరు..." అని మొదలుపెట్టింది, ముందువరసలో వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా.

కాజాలక్క ఆపలేదు.